పాత పెట్టె కోసం తిరుత్తణికి

ఆదివారం ఉదయం ఆరున్నరకు అంబత్తూరు స్టేషన్లో లోకల్ రైలెక్కాను. ఆదివారం నేను ఆ వేళకు లేచానంటే చుట్టాల్లో ఎవరో పోయారని అర్థం. ఎవరూ పోలేదని, ఒక పాత కంప్యూటర్ చూడ్డానికి వెళుతున్నానని చెబితే మా అమ్మ మరింత అనుమానంగా చూసింది.

కారణం ఇది. నేను పనిచేసే కంపెనీలో రిసెప్షన్ ముందర అద్దాల బీరువా ఒకటి చేయించారు. చేయించాక, అందులో ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. ఇంటింటికీ కంప్యూటర్ అనే మాట ఇంకా పుట్టని రోజుల్లో మన అంబత్తూరు షెడ్లలోనే కొందరు కంప్యూటర్లు తయారుచేశారట, అలాంటిది ఒకటి దొరికితే బాగుండునని మా మేనేజరు ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు. "మా చుట్టాల్లోనే ఒకాయన చేశాడు సార్" అనేశాను. నోట్లో పెరుగన్నం ఉన్నా ఇలాంటి మాటలు నాకు స్పష్టంగానే వస్తాయి.

ఊత్తుకోటలో ఉండే మా సుమతక్కకు ఫోన్ చేశాను. చేసింది ఒకరు కాదు, ఇద్దరు. మునిరత్నం మామ, ఆయన చెల్లెలి మొగుడు దామోదరం మామ. మునిరత్నం మామ తిరుత్తణిలో, దామోదరం మామ తిరువళ్ళూరులో ఉన్నారు. పెట్టె మాత్రం మునిరత్నం మామ దగ్గరే ఉంది. "ఆయనకు తెలుగు చదవను రాదు, మెసేజి పెడితే తమిళ అచ్చరాల్లో పెట్టు" అని అక్క చెప్పింది. మా వైపు ఇది మామూలే. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు తమిళం. నేను తమిళ అక్షరాల్లో తెలుగు రాసి పంపాను: "మామా, మీ పాత పెట్టె చూడాలని ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు కదా. ఆదివారం వస్తాను." పెట్టె అనకుండా కంప్యూటర్ అని ఉంటే ఈ వ్యాసం రెండు పేరాల్లో అయిపోయేది. చమత్కారంగా ఉంటుందని పెట్టె అన్నాను.

ఆయన నుంచి ఒక్క మాటే వచ్చింది: "రా."

ఆదివారం ఉదయం ఆ రైల్లో కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఈ దారిన వెళ్ళదలచినవారు ఇది గమనించాలి. మిగతా రోజుల్లో కిటికీ ఉందన్న సంగతి కూడా తెలియదు. నేను ఫోన్లో బీరువాకు పెట్టాల్సిన అట్టముక్క మీది మాట రాసుకుంటూ కూర్చున్నాను. పెట్టె చూడకముందే దాని మీద హాస్యం సిద్ధం: "ఇది నడిచిన రోజుల్లో మీరు పుట్టలేదు. మీరు పుట్టాక ఇది నడవలేదు." నాకే నవ్వొచ్చింది.

తిరునిన్రవూరులో రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ ఒకాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఒంటరిగా నవ్వుకునేవాణ్ణి చూసి ఎంతసేపని ఊరుకుంటాడు. సంగతి చెప్పాను. ఆయనది పళ్ళిపట్టు వైపట, మాలాగే ఇంట్లో మాట తెలుగే. "నా కొడుకు మూడు కంప్యూటర్లు మార్చినాడు. ఒగదాన్నీ చూసేదానికి ఎవురూ రాలేదు" అని చెప్పి, గోడకు తల ఆనించి నిద్రపోయాడు.

తిరువళ్ళూరులో దిగి, స్టేషన్ బయట పొంగలి తిన్నాను. మిరియాలు ఎక్కువ, నెయ్యి తక్కువ, చట్నీ అడిగినన్ని సార్లు. ఆటో అక్కర్లేదు, దామోదరం మామ దగ్గరికి నడిచే వెళ్ళొచ్చు. ఆయన ఇప్పుడు క్యాన్లలో మంచినీళ్ళు నింపి అమ్ముతున్నాడు. వీధి మొత్తానికి ఆయన నీళ్ళే. బనీనుతో బయటికొచ్చి, ఫలానా వాళ్ళ అబ్బాయినని చెప్పగానే ఒక క్యాను బోర్లించి కూర్చోమన్నాడు.

ఆయన నాకు నచ్చాడు. నా అట్టముక్క మాట వినిపిస్తే పక్కనున్న ఖాళీ క్యాన్లు దొర్లేట్టు నవ్వాడు. తమ యంత్రం పేరు కుమార్-1 అని చెప్పాడు. పేరులో ఒకటి ఎందుకని అడిగితే, రెండు కూడా చేస్తామన్న నమ్మకమట. రెండోది పుట్టలేదు. అంబత్తూరులో ఒక రేకుల షెడ్డు, ఒక బావ, ఒక బావమరిది, బయటి దేశం నుంచి ఎప్పుడొస్తాయో తెలియని చిప్పులు. తెరగా టీవీని తగిలించుకోవాలి. చేసిన లెక్క దాచుకోవడానికి పాటలు వినే క్యాసెట్టే వాడాలి. మగ్గాలు చేసే వడ్రంగి టేకుతో పై పెట్టె చేసి ఇచ్చాడట. బయటి సరుకు చవకగా దిగే కాలం వచ్చాక షెడ్డు ఖాళీ చేశారు.

"గొడవపడినారా మామా?" అని అడిగాను.

"గొడవేముండాది. పెండ్లిండ్లలో కనబడతాం, పక్కపక్కనే కూసోని తింటాం. ఆ మాట మాత్రం ఎత్తం." ఆయన లోపలికి వెళ్ళి తలుపుకు అడ్డంగా పెట్టి ఉన్న ఒక నల్లటి ఇనుప డబ్బా తెచ్చాడు. తోక లాగా తీగ వేలాడుతోంది. "పంచుకున్నప్పుడు బయట ఉండే పెట్టె ఆయన లెక్కకి, షెడ్డులో ఉండే కరెంటు నాకి. ఇది లేకుంటే అది ఎలగదు. తీస్కపో. ఆయన పెట్టె ఇయ్యకుంటే వచ్చేటప్పుడు దీన్ని ఇచ్చేసి పో. గాలికి తలుపు కొట్టుకుంటాది."

వీధి చివరిదాకా నాతో వచ్చాడు. అక్కడ మాత్రం బనీను సర్దుకుని, నవ్వు తగ్గించి, మునిరత్నం మామ ముందర పొదటూరుపేట ఊసెత్తొద్దన్నాడు. అది ఆయన సొంత ఊరు కదా అన్నాను. "దానికే" అన్నాడు.

తొమ్మిదిన్నరకు తిరుత్తణి బస్సు. గంటకు కొంచెం పైన పడుతుంది. కనకమ్మసత్రం దాటేదాకా రోడ్డు బాగుంది, ఆ పైన నా నడుముకు, ఒళ్ళోని ఇనుప డబ్బాకు ఒకరితో ఒకరికి బాగా పరిచయమైంది. పక్కన ఒక అవ్వ, మనవడికి గుండు కొట్టించడానికి కొండకు తీసుకువెళుతోంది. పిల్లవాడు తన జుట్టును రెండు చేతులతో కాపలా కాస్తున్నాడు.

"మేము ఎంటికలు ఇచ్చేదానికి పోతా ఉండాము. నువ్వేమి ఇచ్చేదానికి?" అని అడిగింది అవ్వ.

"ఇచ్చేదానికి కాదవ్వా, తెచ్చుకునేదానికి."

"ఆడికి పోయి తెచ్చుకునేదేమి ఉంటాది" అంది అవ్వ, నేను హుండీ దోచుకోవడానికి వెళుతున్నట్టు చూస్తూ.

తిరుత్తణిలో బస్సు దిగి కొండ వైపు తిరిగితే, మెట్ల దారికి పోకముందే ఎడమ చేతి సందులో మునిరత్నం మామ ఇల్లు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు. గోడకు ఆనించి నిలువెత్తు కుమారస్వామి, నెమలితో సహా, బల్బులతో కట్టి ఉన్నాడు. పగలు కాబట్టి వెలగడం లేదు. తిరునాళ్ళకు సీరియల్ లైట్లు కట్టడం ఇప్పుడు మామ వ్యాపారం. బల్బులు ఒకదాని వెనక ఒకటి వెలిగి వేలాయుధం చేతిలోంచి దూసుకుపోతున్నట్టు కనబడుతుంది చూడండి, ఆ వెలిగించే బోర్డులు ఆయనే చేస్తాడు. చూడగానే నా మనసులో ఇంకో అట్టముక్క తయారైంది. అది ఇక్కడ రాయను.

గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు. మడతలు పోని తెల్ల చొక్కా, నుదుట విభూతి. పాత సామాను చూపించడానికి ఎవరూ ఇలా తయారవరు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాడు, వదల్లేదు. ఆయన భార్య కనకత్త కాఫీ తెచ్చింది. కాఫీ ఇచ్చి, నా మొహం కేసి చూసి, వంటింటి గడప మీద కూర్చుంది. పక్కింటాయన ఒకడు వచ్చి, నన్ను చూసి, తల పంకించి వెళ్ళిపోయాడు. నాకు అనుమానం వచ్చింది. నేను అనుకోకుండా ఎవరి సంతాపానికో వచ్చానా?

గది మధ్య స్టూలు మీద పెట్టె. కొత్త తువ్వాలు కప్పి ఉంది.

"వారం దినాలుగా నీ మెసేజి చదవతానే ఉండా" అన్నాడు మామ. జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చదివాడు. "మామా, మీ బాధ పెట్టె చూడాలని ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు కదా."

తమిళంలో పకు, బకు ఒకటే అక్షరం. త అన్నా ద అన్నా ధ అన్నా మళ్ళీ ఒకటే అక్షరం. నేను పాత అని రాశాను. ఆయన బాధ అని చదువుకున్నాడు. తమిళంలో మాట నడుమ త వస్తే ద అనే చదువుతారు కాబట్టి న్యాయం ఆయన వైపే ఎక్కువ. తప్పు నాది.

"ఎవురూ అడగలేదు నాయనా" అన్నాడు. "కంప్యూటరు ఏమైంది అని అడిగినారు. దుడ్లు ఎంత పోయినాయి అని అడిగినారు. బాధ అని రాసినోడివి నువ్వే."

ఇలాంటి చోట నాకు ఒక మాట దొరుకుతుంది ఎప్పుడూ. నాటకం ముదిరే లోపల సూది గుచ్చి గాలి తీసేయడం నాకు అలవాటు. ఆ రోజు దొరకలేదు. కాఫీ తాగాను. చల్లారిపోయింది, అయినా ఊదుకుంటూ తాగాను.

ఆయన తువ్వాలు తీశాడు. టేకు పెట్టె, ముందర మీటలు. మీటల మధ్య సందుల్లో, పెట్టె మూలల్లో, మీద చెక్కిన పేరు అక్షరాల్లో, అంతటా పసుపు, కుంకుమ. ఒక పూత కాదు. గుడి గడపకు ఏళ్ళ తరబడి పట్టినట్టు పొరలు పొరలుగా పట్టి ఉంది.

తర్వాత పొదటూరుపేట మాట ఆయనే ఎత్తాడు.

వాళ్ళది మగ్గాల కుటుంబం. అంబత్తూరులో షెడ్డు పెట్టగానే, మనవాళ్ళకు చేయకపోతే ఎవరికి చేస్తామని, ఊళ్ళో నేతగాళ్ళ సంఘానికి ఒక కుమార్-1 ఇచ్చాడు. ఏ ఇంటికి ఎంత నూలు పోయింది, ఎన్ని చీరలు తిరిగొచ్చాయి, అన్నీ ఇదే చెబుతుందన్నాడు. సంఘంలో అందరూ ఇళ్ళల్లోని బంగారం కూడా కుదువపెట్టి దాన్ని కొనుక్కున్నారు. మనోడు చేసింది, ఇంగ్లీషోడు చేసింది కాదు. మొదటి ఎండాకాలం బాగానే నడిచింది. వానలు పట్టాక ఒకరోజు తెర మీద అక్షరాలకు బదులు చుక్కలు వచ్చాయి. ఆ తర్వాత చుక్కలూ పోయాయి. మామ వెళ్ళి చూశాడు. మార్చవలసిన భాగం దేశంలో దొరకదు. వచ్చే వారం తెస్తానని చెప్పి, కరెంటు డబ్బాను షెడ్డులో పరీక్షించడానికి వెంట తీసుకుని బస్సెక్కాడు.

ఆ బస్సు దిగినవాడు మళ్ళీ ఆ ఊరికి పోలేదు. షెడ్డు మూతపడింది. పెళ్ళి, చావు, ఏదొచ్చినా కనకత్తనే పంపించాడు. తిరుత్తణి నుంచి పొదటూరుపేటకు బస్సులో ఎక్కినవాళ్ళు కునుకు తీసే లోపల ఊరొస్తుంది.

సంఘం మూసేసినప్పుడు పెద్ద నేతగాడొకాయన ఆ పెట్టెను ఆటోలో పెట్టుకుని, ఒళ్ళో అరటిపండ్ల తట్టతో ఈ ఇంటికి తెచ్చాడట. మామ ఆ రోజు పెరట్లోకి పోయి నిలబడ్డాడు. పిలిస్తే రాక తప్పలేదు.

"ఏమన్నాడో తెలుసునా? 'అయ్యా, నీ పెట్టె మా కాడ బద్రంగా ఉన్నింది. ప్రతి ఆయుధపూజకీ మగ్గాలతో పాటు దీనికీ బొట్టు పెట్టినాము. మా తల్లికి ఏ కష్టమూ రానియ్యలేదు' అన్నాడు. తిట్టింటే సరిపోయుండు గదా నాయనా. తిట్టినోడికి ఏదో ఒగటి బదులు చెప్పొచ్చు. కర్పూరం ఎలిగించినోడికి ఏం చెప్తాము?"

గోడ అవతల బల్బుల కుమారస్వామి మీద కాకి వాలి గింజలు ఏరుతున్నట్టు టకటక కొట్టింది. కనకత్త లేచి దాన్ని తరిమి వచ్చింది.

మామ చెబుతున్నాడు. "దీని తరవాత ఇంట్లో పెట్టుకునే సామాను ఏదీ చెయ్యలేదు. సీరియల్ లైటు పండగకు ఎలుగుతాది, పండగైనాక ఇప్పేస్తారు. దాని మీద నమ్మకం పెట్టుకునేంత టైము ఎవురికీ ఉండదు."

నా జేబులో ఫోన్ ఉంది. ఫోన్లో అట్టముక్క ఉంది. ఇది నడిచిన రోజుల్లో మీరు పుట్టలేదు, మీరు పుట్టాక ఇది నడవలేదు. రైల్లో ఒంటరిగా నవ్విన మాట అది. ఆయన అది చూడలేడని తెలిసినా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు మామ అడిగాడు, దీన్ని చూసి ఊరికే పోతావా, ఇంకేమైనా పని మీద వచ్చావా అని. పెద్ద అబద్ధం ఒకటి అప్పటికే నా పేరు మీద నడుస్తోంది, రెండోదానికి ధైర్యం చాలలేదు. మా ఆఫీసులో అద్దాల బీరువా ఉంది, దాంట్లో పెట్టడానికి అడగమన్నారని చెప్పాను. లైట్లు కూడా పెడతారని చెప్పాను. వచ్చినవాళ్ళందరూ చూస్తారని చెప్పాను. 

ఆయన పెట్టె మూల మీది కుంకుమను వేలితో తడిమాడు.

"మళ్ళీ పూజకేనా" అన్నాడు.

కోపం లేదు ఆ మాటలో. ఎక్కడైనా ఇంతేనేమో తెలుసుకుందామని అడిగినట్టుంది. నేను తల వంచుకుని, సంచిలోంచి దామోదరం మామ ఇచ్చిన ఇనుప డబ్బా తీసి పెట్టె పక్కన పెట్టాను. అది చూసి ఆయన చాలాసేపటికి గానీ తాకలేదు. తర్వాత తీగను చేతికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. "బావ పారేసినాడనుకున్నా" అన్నాడు. తలుపుకు అడ్డం పెట్టుకున్న సంగతి నేను చెప్పలేదు. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక మంచి పని అదే.

"అద్దాల్లో పెట్టేదానికైతే ఇయ్యను. దాన్ని ఒగసారి ఎలిగించే మనిసికైతే ఇస్తా. నీకు తెలిసినోళ్ళు ఉంటారు గదా ఆఫీసులో. లోపల చిప్పులు నా కంటికి ఇప్పుడు ఆనవు, చూపు తగ్గిపోయింది. తెర మీద ఒగ అచ్చరం వస్తే సాలు. ఏ అచ్చరమైనా సరే. ఫోన్ చెయ్యి. ఆ పొద్దే పొదటూరుపేట బస్సెక్కుతా."

మా కంపెనీలో నా పని కంప్యూటర్లు ఎంత గొప్పవో ప్రకటనలు రాయడం. నాకు వాటి గురించి తెలిసింది, ఆగిపోతే ఆపి మళ్ళీ పెట్టడం ఒక్కటే. అయినా "ఎలిగిస్తాను మామా" అన్నాను. ఈసారి నోట్లో పెరుగన్నం కూడా లేదు.

మధ్యాహ్నం అక్కడే అన్నం. ములక్కాయ సాంబారు, అప్పడం, అత్త నన్ను లెక్కపెట్టనివ్వకుండా పోసిన మజ్జిగ. కొండ ఎక్కలేదు. వెళ్ళేవారు పొద్దున్నే ఎక్కండి, పన్నెండు దాటితే మెట్లు కాలుతాయి. మూడు గంటలకు పెట్టెను తువ్వాలుతోనే చుట్టి ఇచ్చారు. మామ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అత్త మాత్రం ఆటో దాకా వచ్చింది, డబ్బా మోస్తానని.

ఆటోలో డబ్బా పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అంది. "నువ్వు పాత అనే రాసింటావు గదా నాయనా."

నేను తలూపాను.

"నాకి మొదటి దినమే అర్థమైంది. ఆయనకి చెప్పలేదు. అది చదివినాకే నిచ్చెనేసుకోని అటకెక్కినాడు. నువ్వూ చెప్పొద్దు." ఆటో అబ్బాయికి స్టేషన్ అని చెప్పి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

నాలుగు గంటల లోకల్. తిరుత్తణి నుంచి బయలుదేరేదే కాబట్టి చోటు దొరుకుతుంది. పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాను, కరెంటు డబ్బాను కాళ్ళ మధ్య. ఎన్నో ఏళ్ళకు రెండూ ఒక చోట చేరాయి, మధ్యలో నా మోకాళ్ళు. అరక్కోణంలో బాగా ఎక్కారు. తిరువళ్ళూరు వచ్చినప్పుడు ఇనుప డబ్బా ఇచ్చేయవలసిన పని లేదని గుర్తొచ్చి, కిటికీలోంచి ఊరి వైపు చూశాను. ఆ వేళకు అక్కడ ఒక తలుపు గాలికి కొట్టుకుంటూ ఉండాలి.

ఈ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని దారంతా ఆలోచించాను. మన అంబత్తూరులో ఆ రోజుల్లో కంప్యూటర్లు చేసినవాళ్ళు ఏమయ్యారంటే, ఒకాయన నీళ్ళు అమ్ముతున్నాడు, ఒకాయన దేవుడికి దీపాలు పెడుతున్నాడు, ఇద్దరూ తిని ఉంటున్నారు. ఇంతవరకు మేనేజరుకు చెప్పొచ్చు. ఒకాయన వారం రోజులుగా నా అక్షరదోషాన్ని పదేపదే చదువుకున్నాడని మాత్రం ఎవరికీ చెప్పుకోలేను. మీకు రాయడం వేరే సంగతి, మామకు తెలుగు చదవడం రాదు.

తిరునిన్రవూరులో ఖాళీ పూలబుట్టతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. రైలు కుదుపుకు తువ్వాలు జారి, పసుపు కుంకుమల మూల బయటపడింది. ఆమె చటుక్కున కాళ్ళు పక్కకు తీసుకుంది. బుట్ట అడుగున మిగిలిన మూరెడు మల్లెపూలు తీసి పెట్టె మీద పెట్టి, వేళ్ళు కళ్ళకు అద్దుకుంది.

"ఏ సామి ఇది?" అని అడిగింది.

ప్రయాణంలో మొదటిసారి నేను సరదాకు కాకుండా జవాబు చెప్పాను. "రిపేరుకు పోతా ఉండాడక్కా."

ఆమె నవ్వలేదు. తెరిచిన కిటికీలోంచి దుమ్ము పడకుండా తువ్వాలు సరిగ్గా కప్పి, బాగైనాక ఏ ఊరికి పోతాడని అడిగింది.

"పొదటూరుపేటకు" అన్నాను.